లక్ష మైళ్లు తిరిగిన బండి, పదహారేళ్ల డ్రైవరు

అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ బృందాల్లో ఏటా వేసవి సెలవులకు ముందు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. అడిగేవారి ఊరు ఒకసారి డాలస్, ఒకసారి అట్లాంటా, ఇంకోసారి చికాగో. ప్రశ్న మాత్రం ఒకటే. "అమ్మాయికి పదహారు నిండుతున్నాయి. పాత ఎస్‌యూవీ ఒకటి బేరానికి వచ్చింది. లక్షా ఇరవై వేల మైళ్లు తిరిగింది. కొనొచ్చా?" వెంటనే జవాబులు వచ్చి పడతాయి. జపాన్ బండి అయితే కళ్లు మూసుకుని కొనమని ఒకరంటారు. పిల్ల ప్రాణం కంటే డబ్బు ఎక్కువా, కొత్తది కొనివ్వమని మరొకరు. మన రోజుల్లో అద్దె సైకిలుకే గంటకు లెక్క చెప్పాల్సి వచ్చేదని ఇంకొకరు నిట్టూరుస్తారు.

ఈ స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు ఈ చిన్న ప్రశ్న వెనకున్న పెద్ద చరిత్ర చెప్పాలనిపించింది. అందులో మూడు కథలున్నాయి. చదువుకునే పిల్లల చేతికి కారు తాళం ఎలా వచ్చింది? యుద్ధానికి పుట్టిన జీపు ఇంటిల్లిపాది ఎక్కే బండి ఎలా అయింది? ముక్కూ మొహం తెలియనివాడు అమ్మే బండి మీటరును నమ్మడం ఎలా కుదిరింది? ఈ మూడూ కలిపి చూస్తే, ఎన్ని మైళ్లు తిరిగిందనే దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయని తెలుస్తుంది.

ముందు ఒక మాట. మన ఊళ్లలో "బండి మైలేజీ ఎంత?" అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అర్థం. అమెరికాలో అదే మాటకు ఇప్పటిదాకా ఎంత దూరం తిరిగిందనే అర్థం కూడా ఉంది. 'ఎక్కువ మైలేజీ బండి' అంటే ఇక్కడ గొప్ప, అక్కడ అరిగిపోయిన సరుకు. ఈ వ్యాసంలో ఆ గందరగోళం లేకుండా 'తిరిగిన దూరం' అనే రాస్తున్నాను. లక్ష మైళ్లంటే దాదాపు 1,61,000 కిలోమీటర్లు.

బడిలో మొదలైన పాఠం

పదహారేళ్లకు కారేమిటని మనకు ఆశ్చర్యంగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ఊళ్లు ఊరి మధ్య నుంచి శివార్లకు విస్తరించాయి. ఇల్లు ఒకచోట, బడి ఒకచోట, అంగడి మరొకచోట. మధ్యలో నడిచే దారి గానీ ఊరి బస్సు గానీ చాలాచోట్ల ఉండదు. బడి బస్సు ఉదయం తీసుకెళ్లి మధ్యాహ్నం దింపుతుంది. ఆ తర్వాత ఆటలకు వెళ్లాలన్నా, సంగీతం నేర్చుకోవాలన్నా, సాయంత్రం దుకాణంలో చిన్న ఉద్యోగం చేయాలన్నా ఎవరో ఒకరు కారులో దింపాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగస్తులైన ఇంట్లో పిల్లవాడికి లైసెన్సు రావడమంటే ఇంటికి మరో డ్రైవరు దొరికినట్టే.

పిల్లలకు కారు నడపడం నేర్పే బాధ్యతను మొదట తలకెత్తుకున్నది ఉపాధ్యాయులే. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్టేట్ కాలేజ్ అనే ఊళ్లో, 1930ల తొలి భాగంలో, ఆమోస్ నేహార్ట్ అనే అధ్యాపకుడు హైస్కూలు విద్యార్థులకు తన సొంత కారులోనే రోడ్డు మీద పాఠం చెప్పడం మొదలుపెట్టారు. హైస్కూలు డ్రైవింగు విద్యకు ఆయన్ను ఆద్యుడిగా చెబుతారు. తర్వాతి దశాబ్దాల్లో లెక్కలు, చరిత్రలాగే డ్రైవింగు కూడా అక్కడి బడుల్లో ఒక పాఠమైంది.

ఈ పాఠం ఎంతవరకు ఉపయోగపడిందో తేల్చడానికి ప్రభుత్వమే ఒక పరిశీలన చేయించింది. అట్లాంటా పక్కనున్న డికాల్బ్ కౌంటీలో, 1970ల చివర మొదలుపెట్టి, వేలాది విద్యార్థులతో దాన్ని నడిపారు. శిక్షణ పొందిన పిల్లలకు మొదట కొంత మేలు కనిపించినా, ప్రమాదాలు తగ్గడంలో అది ఎక్కువ కాలం నిలవలేదు. క్లాసులో నేర్పిన నైపుణ్యం వేరు, రాత్రి పది గంటలకు పక్కన ముగ్గురు స్నేహితులు అల్లరి చేస్తుండగా బండి నడపడం వేరు. ఈ తేడాను చట్టం గుర్తించడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం.

జీపు ఇంటి బండి అయిన వైనం

మన తరానికి జీపంటే పోలీసులదో, సమితి కార్యాలయానిదో, ఎన్నికల ప్రచారానిదో. ఊళ్లోకి జీపు వస్తే పిల్లలందరం దుమ్ములో దాని వెనక పరుగెత్తేవాళ్లం. ఆ జీపు రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు లక్షల సంఖ్యలో తయారుచేసిన బండి. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ దాన్ని రైతుల బండిగా అమ్మకానికి పెట్టింది. మన దేశంలో మహీంద్రా వారు 1940ల చివర బొంబాయిలో విడిభాగాలు బిగించి తయారుచేసిన జీపు దీని తోబుట్టువే.

అమెరికాలో దీనికి పైకప్పు, తలుపులు, మెత్తటి సీట్లు ఒక్కొక్కటే చేరాయి. అంతకుముందే, 1935లో, షెవర్లే సంస్థ లారీ చట్రం మీద ఎనిమిది మంది కూర్చునే సబర్బన్ తయారుచేసింది. 1960ల్లో జీప్ వాగొనీర్, ఫోర్డ్ బ్రాంకో వచ్చాయి. అయినా ఇవి వేటకో, పడవ లాగడానికో, మంచు దారులకో కొనే బండ్లుగానే ఉండేవి. పిల్లల్ని బడికి దింపే తల్లులు వీటిని కొన్న రోజులు కావవి.

ఆ మార్పుకు ఒక కారణం చమురు. 1973లో అరబ్ దేశాలు చమురు సరఫరా ఆపడంతో అమెరికాలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. 1975లో అమెరికా కాంగ్రెసు కార్ల కంపెనీలకు ఇంధన పొదుపు లక్ష్యాలు విధించింది. కార్ల సగటు 1985 నాటికి గాలనుకు 27.5 మైళ్లకు, అంటే లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లకు చేరాలి. 'తేలికపాటి ట్రక్కుల'కు వేరే లెక్క పెట్టారు. రైతులకు, చిన్న వ్యాపారులకు ఇబ్బంది కలగకూడదని వాటికి లక్ష్యం తక్కువ. 1990ల రెండో సగంలో అది గాలనుకు 20.7 మైళ్లు, లీటరుకు 8.8 కిలోమీటర్లు మాత్రమే. ఎస్‌యూవీ ఈ ట్రక్కుల లెక్కలోకే వచ్చింది. పెద్ద కార్లు చేయడం కష్టమైన కంపెనీలు అదే చోటునిచ్చే ట్రక్కు కుటుంబం వైపు తిరిగాయి. 1984 మోడల్ జీప్ చెరోకీ, 1990లో వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ శివారు ఇళ్ల ముందు నిలబడ్డాయి. 1990లంతా ఎక్స్‌ప్లోరర్ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన ఎస్‌యూవీ.

మన రాష్ట్రం నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు యువత పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లడం మొదలైందీ ఆ దశాబ్దంలోనే. 1990 చట్టంతో హెచ్-1బి వీసా వచ్చింది. ఆ వీసా మీద వెళ్లిన మన మొదటి బ్యాచ్‌లవారు చేరేసరికి అక్కడి రోడ్ల నిండా ఈ ఎత్తైన బండ్లే. వారికి అక్కడ పుట్టిన పిల్లలకు పదహారు నిండేసరికి 2010లు వచ్చాయి. అప్పటికి ఆ బండ్లే పాతవై, తక్కువ ధరకు అందుబాటులోకి వచ్చాయి.

ఎత్తు తెచ్చిన ప్రమాదం

తల్లిదండ్రులు పాత ఎస్‌యూవీ వైపు చూడటానికి కారణం కొండంత బండి కొండంత అండ అనే నమ్మకం. అందులో నిజముంది. రెండు బండ్లు గుద్దుకున్నప్పుడు బరువైనదాంట్లో ఉన్నవారికి దెబ్బ తక్కువ తగులుతుంది. అయితే ఆ ఎత్తే మరో ప్రమాదాన్ని తెచ్చింది. బరువంతా పైన ఉండి చక్రాల మధ్య వెడల్పు చాలకపోతే, స్టీరింగు ఒక్కసారిగా తిప్పినప్పుడు బండి బోల్తా కొడుతుంది. గడ్డి ఎత్తుగా వేసిన ఎద్దుల బండి మలుపులో ఎందుకు పడుతుందో మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో అమెరికాలో ఎస్‌యూవీల్లో ప్రయాణిస్తూ ప్రమాదాల్లో చనిపోయినవారిలో సగానికి పైగా బోల్తా కొట్టిన బండ్లలోనే పోయారు.

2000 ఆగస్టులో ఇది దేశమంతా మాట్లాడుకునే విషయమైంది. ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో చాలావరకు ఎక్స్‌ప్లోరర్లకు బిగించినవే. వేడి ఎక్కువగా ఉండే దక్షిణాది రాష్ట్రాల్లో, వేగంగా పోతున్నప్పుడు టైరు పైపొర ఊడిపోయేది. బండి అదుపు తప్పి పల్టీ కొట్టేది. ఈ ప్రమాదాల్లో 271 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్కలు తేల్చాయి. టైరు తప్పని ఒకరు, బండి నిర్మాణం తప్పని మరొకరు అనుకుంటూ దాదాపు వందేళ్ల వ్యాపార బంధాన్ని ఆ రెండు కంపెనీలు 2001లో తెంచుకున్నాయి.

ఆ దెబ్బకు చట్టాలు కదిలాయి. 2000 నవంబరులోనే కొత్త చట్టం వచ్చింది. లోపాల గురించిన ఫిర్యాదులను కంపెనీలు ప్రభుత్వానికి ముందే తెలియజేయాలన్నారు. టైర్లలో గాలి తగ్గితే డ్రైవరుకు దీపం వెలిగి చెప్పే ఏర్పాటు 2008 మోడళ్ల నుంచి తప్పనిసరైంది. వీటన్నిటికంటే పెద్ద మేలు చేసింది 'ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్' అనే సాధనం. బండి జారుతోందని, డ్రైవరు తిప్పిన దిక్కుకు పోవడం లేదని గ్రహించగానే అది ఏ చక్రానికి కావాలో ఆ చక్రానికే బ్రేకు వేసి బండిని దారిలో పెడుతుంది. డ్రైవరు తేరుకునేలోపే ఆ పని జరిగిపోతుంది. ఒంటరిగా అదుపు తప్పే ప్రమాదాల్లో మరణించే అవకాశాన్ని ఇది దాదాపు సగానికి తగ్గిస్తుందని బీమా సంస్థల పరిశోధన కేంద్రం లెక్కగట్టింది. 2007లో ప్రభుత్వం నియమం తెచ్చింది. 2012 మోడళ్లకల్లా ప్రతి కొత్త కారులో, ఎస్‌యూవీలో అది ఉండాల్సిందే.

ఫలితం లెక్కల్లో కనబడింది. ఒకప్పుడు బోల్తాలకు పేరుపడ్డ ఎస్‌యూవీలే, ఈ సాధనం వచ్చాక, డ్రైవర్ల మరణాలు అతి తక్కువగా ఉన్న బండ్ల వరసలో చేరాయని అదే కేంద్రం 2011లో ప్రకటించింది. లారీ చట్రం వదిలేసి కారు పునాది మీద కట్టిన, కాస్త ఎత్తు తగ్గిన టయోటా హైలాండర్, హోండా పైలట్ వంటి బండ్లు పెరగడమూ ఇందుకు తోడ్పడింది. అందుచేత 2002 నాటి ఎస్‌యూవీ, 2012 నాటి ఎస్‌యూవీ పక్కపక్కన పెడితే చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా, మొదటిసారి వాన రోడ్డు మీద గాభరాపడి స్టీరింగు లాగే పిల్లవాడికి అవి రెండూ ఒకటి కావు.

మీటరు మీది అంకె

ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూసి వయసు కట్టడం మన సంతల్లో పద్ధతి. కారుకు పళ్లు లేవు, మీటరే దిక్కు. పాత అమెరికన్ కార్ల మీటర్లలో చాలావాటికి ఐదంకెలే ఉండేవి. 99,999 దాటగానే సున్నాలు పడి బండి మళ్లీ 'కొత్తదయ్యేది'. అది చాలదన్నట్టు మీటరును వెనక్కి తిప్పడం ఒక వృత్తిగానే సాగింది. 1972లో అమెరికా కాంగ్రెసు మీటరు తిప్పడాన్ని దేశమంతటా నిషేధించింది. 1986 చట్టంతో అమ్మేటప్పుడు తిరిగిన దూరాన్ని యాజమాన్య పత్రం మీదే రాసి సంతకం చేయడం తప్పనిసరైంది. 1981 మోడళ్ల నుంచి ప్రతి బండికీ 17 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. ఆ సంఖ్య పట్టుకుని బండి జాతకాన్ని కూడబెట్టి అమ్మే కార్‌ఫాక్స్ వంటి సంస్థలు 1980ల్లోనే పుట్టాయి. ఇంత జరిగినా మోసం ఆగలేదు. ఏడాదికి సుమారు 4,50,000 బండ్లు తప్పుడు మీటరుతో అమ్ముడవుతున్నాయని 2002లో ప్రభుత్వ సంస్థ అంచనా వేసింది.

ఈ అపనమ్మకం నుంచే ఆర్థికశాస్త్రంలో ఒక గొప్ప సిద్ధాంతం పుట్టింది. పైకి బాగుండి లోపల చెడిపోయిన కారును అమెరికన్లు 'నిమ్మకాయ' అంటారు. బర్క్లీలో పనిచేస్తున్న యువ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో 'నిమ్మకాయల సంత' మీద ఒక వ్యాసం ప్రచురించారు. మూడు పత్రికలు తిప్పి పంపిన వ్యాసమది. ఆయన వాదన సులువుగానే అర్థమవుతుంది. అమ్మేవాడికి బండి లోగుట్టు తెలుసు, కొనేవాడికి తెలియదు. ఏది మంచిదో తెలియదు కాబట్టి కొనేవాడు అన్నిటికీ తక్కువ ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరకు సంతలో నిమ్మకాయలే మిగులుతాయి. మన పెద్దలు నీళ్లలో గేదెను బేరమాడటమని ఒక్క మాటలో చెప్పింది ఇదే. అకెర్లాఫ్ 1967-68లో ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిపారు. భారతదేశపు అంగళ్లలో బియ్యంలో అదే రంగు, అదే ఆకారం ఉన్న రాళ్లను కావాలనే కలిపితే ఇల్లాళ్లు ఏరుకోవాల్సి వచ్చే సంగతిని ఆ వ్యాసంలో ఉదాహరణగా రాశారు. 2001లో మరో ఇద్దరితో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

1985 నుంచి అమలైన మరో నియమం ప్రకారం వ్యాపారి అమ్మే ప్రతి పాత కారు కిటికీకీ ఒక కాగితం అంటించాలి. గ్యారంటీ ఉందా, లేక 'ఉన్నది ఉన్నట్టు' అమ్ముతున్నాడా అన్నది దాని మీద స్పష్టంగా ఉండాలి. 'ఉన్నది ఉన్నట్టు' అన్నచోట మర్నాడు ఇంజను పోయినా ఖర్చు సాధారణంగా కొన్నవాడిదే. ఈ నియమం వ్యాపారులకే. ఇంటి ముందు బోర్డు పెట్టి అమ్ముకునే మామూలు మనిషికి ఇది వర్తించదు.

చాలాకాలం పదేళ్లు దాటిన బండికి మీటరు వివరం రాసివ్వాల్సిన పని ఉండేది కాదు. పిల్లలకు కొనే బండ్లు ఎక్కువగా ఆ వయసువే. 2021 జనవరి నుంచి నియమం మారింది. 2011, ఆ తర్వాతి మోడళ్లకు 20 ఏళ్లపాటు రాసివ్వాల్సిందే. స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరైన మోడళ్లూ, మీటరు వివరానికి చట్టం కాపలా కాసే మోడళ్లూ దాదాపు ఒకే ఏడాది దగ్గర మొదలవడం కాకతాళీయమే. కానీ పిల్లల బండి వెతికే తల్లిదండ్రులకు ఆ గీత చాలా పనికొస్తుంది.

పాత బండ్లు ఇంకా పాతబడ్డాయి

లక్ష మైళ్లంటే ఒకప్పుడు బండికి ముసలితనం. ఇప్పుడు నడివయసు. తుప్పు పట్టని రేకు, మెరుగైన ఇంజన్లు, నూనెలు ఇందుకు కారణం. 1990ల మధ్యలో అమెరికా రోడ్ల మీది కార్ల సగటు వయసు ఎనిమిదేళ్లకు కాస్త పైన ఉంటే, 2024 నాటికి పన్నెండేళ్లు దాటింది.

చవక బండ్ల కొరతకు ప్రభుత్వమూ ఒక చెయ్యి వేసింది. ఆర్థిక మాంద్యం నాటి 2009 వేసవిలో, పెట్రోలు తాగే పాత బండి ఇచ్చి కొత్తది కొంటే 4,500 డాలర్ల దాకా ఇస్తామన్నారు. నెల రోజుల్లో 6,70,000కు పైగా బండ్లు వచ్చాయి. వాటిలో ఎక్స్‌ప్లోరర్లు చాలా ఎక్కువ. వాటిని ఎవరూ మళ్లీ వాడకుండా, ఇంజనులో నూనె తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి బిగుసుకుపోయేదాకా తిప్పారు. ఆ బండ్లలో చాలావరకు స్టెబిలిటీ కంట్రోల్ లేనివే. పిల్లల చేతికి వెళ్లకుండా పోయాయని సంతోషించినవారున్నారు, బీదవారికి దొరికే బండి తగ్గిందని బాధపడినవారూ ఉన్నారు. తర్వాత 2021లో చిప్‌ల కొరత వల్ల కొత్త కార్లు తగ్గి, పాత కార్ల ధరలు ఏడాదిలో 40 శాతానికి పైగా పెరిగిన నెలలున్నాయి. అందుకే లక్షా ఇరవై వేల మైళ్ల బండి కూడా ఇవాళ ఆలోచించి కొనాల్సిన ధర పలుకుతోంది.

పాత బండికి మరో చిక్కు, తీరని పాత లోపాలు. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు పేలినప్పుడు లోహపు ముక్కలు ఎగిరి మనుషుల్ని చంపడంతో అమెరికా చరిత్రలోనే అతిపెద్ద వాహన రీకాల్ జరిగింది. తేమ, వేడి ఉన్న ప్రాంతాల్లో బండి పాతబడేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 2002 హోండా సీఆర్‌వీ, 2003 పైలట్ వంటి కొన్ని మోడళ్లలో సరిచేయని బండ్లను అసలు నడపవద్దని 2016లో ప్రభుత్వం హెచ్చరించింది. మార్పించుకోవడానికి ఖర్చు లేదు. అయినా చేతులు మారిన బండ్లకు నోటీసు పాత చిరునామాకే పోతుంది కాబట్టి చాలామందికి తెలియలేదు.

తాళం విడతలవారీగా

డ్రైవింగు క్లాసు ఒక్కటే చాలదని తెలిశాక కొత్త పద్ధతి న్యూజీలాండ్ నుంచి వచ్చింది. 1987లో వారు లైసెన్సును విడతలవారీగా ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట పెద్దవారు పక్కనుంటేనే నడపాలి. తర్వాత ఒంటరిగా, కానీ రాత్రి వద్దు, తోటి పిల్లలు వద్దు. ఆ తర్వాతే పూర్తి లైసెన్సు. అమెరికాలో 1996లో ఫ్లోరిడా దీన్ని మొదట తెచ్చింది. తర్వాతి పదిహేనేళ్లలో దాదాపు అన్ని రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో అనుసరించాయి. న్యూజెర్సీలో పదిహేడేళ్లు నిండితే గానీ ఒంటరిగా నడపనివ్వరు. 2010 నుంచి అక్కడి కొత్త కుర్ర డ్రైవర్లు బండికి ఎర్రటి స్టిక్కరు అంటించుకోవాలి. మన 'ఎల్' బోర్డు వంటిదే. 1975లో అమెరికా రోడ్డు ప్రమాదాల్లో 13-19 ఏళ్ల పిల్లలు 8,700 మందికి పైగా చనిపోయారు. ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య సుమారు 3,000. సీటు బెల్టులు, మెరుగైన బండ్లు, విడతల లైసెన్సు అన్నీ కలిసి తెచ్చిన మార్పిది. మిగిలిన 3,000 కూడా చిన్న సంఖ్య కాదు.

పెద్ద ఎస్‌యూవీ మీద నాకున్న అభ్యంతరం ఇక్కడే. మూడు వరసల సీట్లున్న బండి ఇస్తే ఏడుగురు స్నేహితులు ఎక్కుతారు. కారులో తోటి వయసువారు పెరిగేకొద్దీ కుర్ర డ్రైవరు ప్రాణాపాయం పెరుగుతుందని పరిశోధనలు పదేపదే చెప్పాయి. బీమా పరిశోధన కేంద్రం 2014 నుంచి పిల్లలకు తగిన పాత బండ్ల జాబితా ఇస్తోంది. అందులో మరీ చిన్న కార్లుండవు, ఎక్కువ శక్తి గల ఇంజన్లుండవు, స్టెబిలిటీ కంట్రోల్ లేనివి ఉండవు. మరీ పెద్ద ఎస్‌యూవీలనూ వారు సిఫారసు చేయరు. వాటిని అదుపు చేయడం కష్టం, ఆపడానికి ఎక్కువ దూరం కావాలి. మధ్యరకం ఎస్‌యూవీలు మాత్రం జాబితాలో చాలానే ఉంటాయి.

కొనేవారు అడగాల్సినవి

ఈ చరిత్రంతా కొనేవారికి పనికొచ్చే నాలుగు ప్రశ్నలుగా కుదించవచ్చు.

ఏ ఏడాది మోడల్? 2012 లేదా తర్వాతిదైతే స్టెబిలిటీ కంట్రోల్ ఉన్నట్టే. అంతకుముందుదైతే ఉందో లేదో ఆ బండికి ఆ బండే చూసుకోవాలి. 60,000 మైళ్లే తిరిగిన 2004 బండి కంటే 1,30,000 మైళ్లు తిరిగిన 2013 బండి మీ అమ్మాయికి మంచిది కావచ్చు.

ఆ మైళ్లు ఎలా తిరిగింది? నూనె మార్పించిన రసీదులు, యాజమాన్య పత్రం చూడాలి. హోండా పైలట్ వంటి కొన్ని ఇంజన్లలో టైమింగ్ బెల్టు లక్ష మైళ్ల ప్రాంతంలో మార్చాలి. మార్చకుండా తెగితే ఇంజనే పాడవుతుంది. బెల్టు మార్చిన కాగితం లేని బండికి ఆ ఖర్చు ధరలో తగ్గించి బేరమాడాలి. మంచు ప్రాంతాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడ తిరిగిన బండిని లిఫ్టు మీద ఎత్తించి అడుగున తుప్పు చూడాలి. ఈ పని అమ్మేవాడి మెకానిక్కు చేత కాకుండా మీరు డబ్బిచ్చి పిలిచిన మెకానిక్కు చేత చేయించాలి.

టైర్ల వయసెంత? 2000 నుంచి ప్రతి టైరు పక్కనా ఉండే ముద్రలో చివరి నాలుగంకెలు అది తయారైన వారం, ఏడాది చెబుతాయి. 2318 అంటే 2018లో 23వ వారం. గాట్లు లోతుగా ఉన్నా టైరు ముసలిదైతే మార్చాల్సిందే.

తీరని రీకాల్ ఉందా? 17 అంకెల సంఖ్య ప్రభుత్వ వెబ్‌సైటులో కొడితే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. దీనికి డబ్బు అక్కర్లేదు. బేరం కుదరకముందే చూడాలి.

ఇవి చూశాక మిగిలేది బీమా. పదహారేళ్ల డ్రైవరును ఇంటి పాలసీలో చేర్చినప్పుడు పెరిగే ప్రీమియం చాలా ఇళ్లలో రెండు మూడేళ్లకే బండి ధరను అందుకుంటుంది. ఆ లెక్క ముందే వేసుకోకుండా బండికే డబ్బంతా పెట్టినవారు టైర్లు మార్చడం వాయిదా వేస్తారు.

మన ఊళ్ల సంగతి

ఇదంతా అమెరికా గొడవ అనుకోవడానికి వీల్లేదు. మన రాష్ట్రాల్లో కారు లైసెన్సుకు పద్దెనిమిదేళ్లు నిండాలి. పదహారేళ్లకు 50 సీసీ లోపు ద్విచక్ర వాహనానికే అనుమతి. అయినా ఇంటర్ చదివే పిల్లలు నాన్న కారు తీసుకుని రోడ్డెక్కడం, తొమ్మిదో తరగతి పిల్లలు స్కూటర్ల మీద ముగ్గురేసి బడికి రావడం మనం రోజూ చూస్తున్నాం. 2019 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులు లేదా బండి యజమాని బాధ్యులు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి పాతికేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

అమెరికాలో తొంభై ఏళ్ల కిందట ఒక ఉపాధ్యాయుడు తన కారు తాళం విద్యార్థి చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. మన బడిలో ఆ వసతి లేకపోవచ్చు. కానీ ప్రతి ఏడాదీ పదో తరగతి, ఇంటర్ పిల్లలకు రెండు పీరియడ్లు కేటాయించి బరువు, ఎత్తు, వేగం, బ్రేకు దూరం భౌతికశాస్త్ర పాఠంగానే చెప్పవచ్చు. మోటారు వాహనాల చట్టం చెప్పడానికి మన పూర్వ విద్యార్థుల్లో న్యాయవాదులున్నారు, బండి అడుగున ఏం చూడాలో చూపించడానికి సొంత షెడ్లు నడిపే మెకానిక్కులున్నారు, విదేశాల నుంచి సెలవులకు వచ్చే తల్లిదండ్రులున్నారు. స్వర్ణోత్సవ సంవత్సరంలో సంఘం చేపట్టదగిన పనుల జాబితాలో దీన్నీ చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పిల్లలకు పాఠం చెప్పడానికి ఎవరు ముందుకొస్తారో ఈ సంచిక విడుదల సభలోనే పేర్లు రాసుకుంటే బాగుంటుంది.